రంగస్థల లైటింగ్‌లో ఛానల్ సంఖ్యాక్రమం: ఫిల్మ్‌నగర్ వెలుగు సంప్రదాయంతో తులనాత్మక విమర్శ

పరిశోధన సంగ్రహం:

తెలుగు నాటక పరిశోధన ప్రధానంగా పాఠ్యం మీద, నటన మీద, సంగీతం మీద సాగింది. వేదిక మీది వెలుగును గురించి ప్రశంసావాక్యాలే తప్ప విశ్లేషణ తక్కువ. వెలుగును రాసి భద్రపరిచే లిపి వాడుకలో లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. లైటింగ్ బల్లపై దీపాలకు ఇచ్చే ఛానల్ సంఖ్యలు అటువంటి లిపికి తొలి మెట్టు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జూబ్లీ హిల్స్–ఫిల్మ్‌నగర్ కేంద్రంగా ఉన్న చలనచిత్ర లైటింగ్ పేర్ల మీద ఆధారపడగా, నాటక లైటింగ్ సంఖ్యల మీద ఆధారపడడంలోని తర్కాన్ని పోల్చి చూపుతుంది. నాట్యశాస్త్రంలోని కక్ష్యా విభాగం, స్టాన్లీ మెక్‌కాండ్లెస్ ప్రాంత విభజన, సురభి తెరల సంప్రదాయం, తెలుగు సంఖ్యావాచకాల నిర్మాణం ఆధారంగా ఒక సంఖ్యాక్రమం గుణదోషాలను విచారిస్తుంది.

కీలకపదాలు: రంగస్థల లైటింగ్, ఛానల్, చిరునామా, కక్ష్యా విభాగం, సురభి, ఫిల్మ్‌నగర్, పరిషత్తు నాటకాలు.

1. ప్రవేశిక

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. 1909లో మారిన రూపంలో మళ్ళీ వెలువడింది. ఈ రెండు ముద్రణల మధ్య జరిగిన మార్పులను పరిశోధకులు పంక్తి పంక్తీ పోల్చి చూడగలుగుతున్నారు. అదే నాటకాన్ని తర్వాతి కాలంలో ప్రదర్శించిన సమాజాలు మధురవాణి ఇంటిని ఏ వెలుగులో చూపాయి, అగ్నిహోత్రావధాన్లు ఇంటికి దృశ్యం మారినప్పుడు ఆ వెలుగు ఎలా మారింది అని అడిగితే, ఆ స్థాయి పోలికకు ఆధారాలు దొరకవు. మాట అచ్చులో నిలిచింది. వెలుగు ప్రదర్శనతోపాటే ఆరిపోయింది.

వెలుగు క్షణికం కనుక ఇది సహజమే అనుకోవచ్చు. కానీ గానమూ క్షణికమే. స్వరలిపి వచ్చాక సంగీతాన్ని పోల్చడం, సరిదిద్దడం, మరొకరికి అప్పగించడం సాధ్యమైంది. వెలుగుకు కూడా అటువంటి ఏర్పాటు నాటకశాలల్లో ఉంది. లైటింగ్ బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తి ఏ దీపాన్ని ఏ అంకెతో పిలుస్తాడు, ఏ క్షణంలో ఎంత తీవ్రతకు తెస్తాడు అనే పట్టికే అది. ఆ పట్టికలో అంకెలు ఒక పద్ధతి లేకుండా పడితే అది రాసినవారికి తప్ప మరొకరికి అర్థం కాదు. పద్ధతిగా ఉంటే పరాయి పాఠకుడు కూడా చదవగలడు. ఛానల్ సంఖ్యాక్రమాన్ని సాంకేతికుల సొంత విషయంగా వదిలేయకుండా విమర్శ పరిధిలోకి తేవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. చిరునామా, ఛానల్: రెండు వేర్వేరు భావనలు

2.1. యంత్రానికి చిరునామా

అమెరికాలోని రంగస్థల సాంకేతిక సంస్థ యుఎస్‌ఐటీటీ 1986లో డీఎంఎక్స్512 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఒక తీగ మీద 512 విలువలు వరుసగా ప్రయాణిస్తాయి. ఒక్కొక్క విలువ 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. 512 విలువలూ పంపినప్పుడు ఆ వరుస సెకనుకు దాదాపు 44 సార్లు పునరావృతమవుతుంది. ప్రతి డిమ్మరూ, ప్రతి ఎల్‌ఈడీ దీపమూ ఆ వరుసలో తన వంతు విలువను మాత్రమే అందుకుంటుంది. ఆ వంతుకే చిరునామా అని పేరు. ఇది తీగకూ యంత్రానికీ మధ్య ఒప్పందం. దీనికి నాటకంతో సంబంధం లేదు.

2.2. మనిషికి ఛానల్

ఛానల్ అనేది లైటింగ్ బల్ల దగ్గర మనిషి వాడే సంఖ్య. పాత బల్లల మీద ఒక్కొక్క డిమ్మర్‌కు ఒక్కొక్క పిడి ఉండేది. డిమ్మర్ వరుస ఎలా ఉంటే మనిషి అలాగే గుర్తుపెట్టుకోవలసి వచ్చేది. 1975లో న్యూయార్క్‌లోని బ్రాడ్వేలో ‘ఎ కోరస్ లైన్’ ప్రదర్శనకు థారన్ మస్సర్ కంప్యూటర్ జ్ఞాపకం గల బల్లను వాడడం ఒక మలుపు. ఇటువంటి బల్లలు వ్యాపించిన తర్వాత ఏ చిరునామానైనా ఏ ఛానల్‌కైనా జతచేసే వీలు సర్వసాధారణమైంది. ఆ జతచేయడాన్నే ప్యాచ్ అంటారు. 187వ చిరునామాలోని దీపాన్ని 43వ ఛానల్‌గా పిలవవచ్చు.

ఈ స్వేచ్ఛ వచ్చాకే ‘ఏ సంఖ్య ఇవ్వాలి’ అనే ప్రశ్న పుట్టింది. చిరునామా ధ్వని వంటిది అనుకుంటే ఛానల్ పదం వంటిది, క్యూ వాక్యం వంటిది. ధ్వనులను యంత్రం చూసుకుంటుంది. పదాలను ఎన్నుకునే బాధ్యత మనిషిది. ప్యాచ్ సౌకర్యం ఉన్నా డిమ్మర్ వరుసనే ఛానల్ వరుసగా ఉంచుకోవడమంటే ఆ బాధ్యతను వదులుకోవడమే.

3. ఫిల్మ్‌నగర్: పేర్లతో నడిచే వెలుగు

3.1. స్థలం, సంప్రదాయం

తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిన క్రమంలో 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియోస్, ఫిల్మ్‌నగర్‌లోని పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, అక్కడే ఉన్న తెలుగు ఫిలిం చాంబర్, ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్ జూబ్లీ హిల్స్ పరిసరాలను పరిశ్రమకు చిరునామాగా మార్చాయి. మద్రాసు ఫ్లోర్ల మీద రూపుదిద్దుకున్న లైటింగ్ పరిభాష కూడా పరిశ్రమతోపాటు తరలివచ్చింది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’ నౌకావిహార గీతంలో మార్కస్ బార్‌ట్లీ కల్పించిన వెన్నెల ఈ సంప్రదాయం సాధించిన శిఖరాలలో ఒకటి.

3.2. కీ, ఫిల్, బ్యాక్: సంబంధవాచకాలు

చిత్రీకరణ ఫ్లోర్ మీద ఛాయాగ్రాహకుడు దీపాన్ని అంకెతో పిలవవలసిన అవసరం సాంప్రదాయికంగా లేదు. ‘కీ లైట్ కొంచెం తగ్గించు’, ‘బ్యాక్‌లైట్ పక్కకు తిప్పు’ అంటే సరిపోతుంది. దీపం పక్కనే లైట్‌మన్ ఉంటాడు. ఆ మాట వినగానే చేయి కదులుతుంది. ఇక్కడ దీపానికి గుర్తింపు మనిషి ద్వారా వస్తుంది.

ఈ పేర్ల స్వభావాన్ని పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కీ, ఫిల్, బ్యాక్ అనేవి వస్తువుల పేర్లు కావు. కెమెరాకూ నటునికీ దీపానికీ మధ్య ఉన్న సంబంధాల పేర్లు. ఇద్దరు పాత్రధారులు ఎదురెదురుగా మాట్లాడుకునే సన్నివేశంలో కెమెరా దిశ మారితే, మొదటి షాట్‌లో ఒకరికి కీ లైట్‌గా ఉన్న దీపమే తర్వాతి షాట్‌లో ఎదుటివారికి బ్యాక్‌లైట్ కావచ్చు. దీపం కదలలేదు, పేరు మారింది. తెలుగులో ‘ముందు’, ‘వెనుక’ అనే మాటలు చూసేవాని స్థానాన్ని బట్టి మారినట్టే ఇదీ మారుతుంది.

సినిమాకు ఈ అస్థిరత లోపం కాదు. షాట్ ఓకే అయిన తర్వాత ఆ వెలుగు ఫిల్ముపై లేదా కార్డుపై నిక్షిప్తమైపోతుంది. సన్నివేశంలోని మిగిలిన షాట్లతో పొత్తు కుదిరితే చాలు. ఆ తర్వాత దీపాలను విప్పి మరోచోట పెట్టవచ్చు. జ్ఞాపకం ఉంచుకునే పని బొమ్మే చేస్తుంది.

నాటకానికి ఆ వెసులుబాటు లేదు. రెండు గంటల ప్రదర్శనలో కావలసిన వెలుగులన్నీ తెర లేవకముందే కడ్డీల మీద వేలాడుతూ ఉండాలి. దీపం దగ్గర మనిషి ఉండడు. ప్రేక్షకుల వెనుకనో పక్కనో ఉన్న గదిలో ఒకరే కూర్చుని అన్నిటినీ నడపాలి. రేపటి ప్రదర్శనలో ఇవే వెలుగులు ఇదే క్రమంలో తిరిగి రావాలి. కెమెరా ఒక్కటే ఉన్నచోట సంబంధవాచకం చాలుతుంది. వందలాది కళ్ళు ఒకేసారి చూస్తున్నచోట, చూపును బట్టి మారని గుర్తు కావాలి. ఆ గుర్తే సంఖ్య.

3.3. సరిహద్దు చెరిగిపోవడం

ఈ భేదం ఇప్పుడు సడలుతోంది. రంగు, తీవ్రత రెండూ దూరం నుంచే మార్చగల ఎల్‌ఈడీ దీపాలు ఫ్లోర్ల మీదికి రావడంతో డీఎంఎక్స్ తీగ కూడా వచ్చింది. పాటల సెట్లలో గోడల వెంట అమర్చే ఎల్‌ఈడీ పట్టీలను తాళానికి అనుగుణంగా నడపాలంటే, ప్రతి టేక్‌లోనూ, ప్రతి కెమెరా కోణంలోనూ అదే వరుస తిరిగి రావాలి. అన్నపూర్ణ స్టూడియోస్‌లో క్యూబ్ సినిమాతో కలిసి ఏర్పాటైన వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ వంటి చోట్ల తెర మీది దృశ్యానికీ నటుని మీది వెలుగుకూ పొందిక కుదరాలి. పునరావృతి అవసరమైన ప్రతిచోటా సినిమా ఫ్లోర్ నాటకశాల తర్కంలోకి ప్రవేశిస్తుంది.

పరిమాణం కూడా సమస్యే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలు గల ఒక్కొక్క చుక్కను విడిగా నడపాలంటే 512 విలువల తీగ ఒకటి 170 చుక్కలకే సరిపోతుంది, రెండు విలువలు మిగిలిపోతాయి. నాలుగైదు వందల చుక్కల పట్టీకి మూడు తీగలు కావాలి. పేర్లతో ఇంత రద్దీని నడపలేరు. పేర్ల సంప్రదాయంలో ఆరితేరిన ఫిల్మ్‌నగర్ సాంకేతికులకు సంఖ్యల వ్యాకరణం అవసరం కావడం ఈ దశలోని విశేషం.

4. కక్ష్యా విభాగం, మెక్‌కాండ్లెస్ పద్ధతి

4.1. తూర్పు ఎక్కడ?

వేదికను భాగాలుగా విభజించి ఒక్కొక్క భాగానికి అర్థం ఇవ్వడం భారతీయ నాట్యచింతనకు కొత్త కాదు. నాట్యశాస్త్రంలో కక్ష్యా విభాగం గురించి ప్రత్యేక అధ్యాయం ఉంది. కొన్ని ప్రతుల్లో అది 13వది, మరికొన్నింటిలో 14వది. రంగపీఠంపై పరిక్రమించడం ద్వారా పాత్ర ఒక కక్ష్య నుంచి మరో కక్ష్యలోకి వెళ్ళినట్టు భావించాలని అందులో చెప్పబడింది. ముందుగా ప్రవేశించినవారు లోపల ఉన్నట్టు, తర్వాత ప్రవేశించినవారు బయట ఉన్నట్టు గ్రహించాలనే నియమమూ ఉంది.

ఛానల్ సంఖ్యాక్రమానికి అన్నిటికంటే దగ్గరైనది దిక్కుల నియమం. భాండవాద్యాలు, నేపథ్యగృహ ద్వారాలు ఏ దిక్కుకు అభిముఖంగా ఉంటాయో ఆ దిక్కునే నాట్యంలో తూర్పుగా భావించాలని భరతుడు నిర్దేశించాడు. సూర్యుడు ఎటు ఉదయించినా సరే, వేదికకు తనదైన తూర్పు ఉంది. నాటకశాల మారినా నటుడు తికమకపడడు.

లైటింగ్‌లో తరచు వచ్చే పొరపాటు ఈ మూలబిందువును ముందుగా నిర్ణయించకపోవడమే. ‘కుడివైపు దీపం’ అన్నప్పుడు నటుని కుడియా, ప్రేక్షకుని కుడియా? నటుని కుడి ప్రేక్షకునికి ఎడమ. దర్శకుడు ప్రేక్షకుల వైపు నుంచి, నటుడు వేదిక మీది నుంచి మాట్లాడుతుంటే లైటింగ్ బల్ల దగ్గరి వ్యక్తి ప్రతిమాటనూ తిప్పి అర్థం చేసుకోవాలి. భరతుని తూర్పు వలె 1వ ప్రాంతం ఎక్కడ ఉండాలో ఒకసారి నిర్ణయించి రాసి పెడితే ఈ వివాదం ఉండదు.

4.2. మెక్‌కాండ్లెస్ సూత్రం, దాని పరిధి

యేల్ విశ్వవిద్యాలయంలో బోధించిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో ప్రచురించిన గ్రంథంలో అభినయ స్థలాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికి ఇరువైపులనుంచి సుమారు 45 డిగ్రీల కోణంలో రెండు దీపాలు, ఒకటి వెచ్చని రంగులో, మరొకటి చల్లని రంగులో అమర్చాలని సూచించాడు. ముఖానికి లోతు వస్తుంది, ప్రాంతాలను విడివిడిగా నడపవచ్చు. నేటి సంఖ్యాక్రమాల్లో చాలావాటికి ఈ విభజనే పునాది.

అయితే ఈ పద్ధతి నటుని ముఖాన్ని కేంద్రంగా చేసుకున్నది. తెలుగు నాటకంలో వెలుగు ముఖాన్ని మాత్రమే వెలిగించలేదు. కూచిపూడి యక్షగానంలో కాగడా మీద గుగ్గిలం చల్లి పాత్రప్రవేశాన్ని ప్రజ్వలింపజేయడం, తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం బొమ్మకు రంగు, ప్రాణం ఇవ్వడం వెలుగుకు వేరే బాధ్యతలున్నట్టు చూపుతాయి. మెక్‌కాండ్లెస్ సూత్రాన్ని స్వీకరించేటప్పుడు ఈ భేదాన్ని గుర్తించాలి. దీనికి సురభి మంచి పరీక్ష.

5. ఒక సంఖ్యాక్రమం: నిర్మాణం, పరీక్ష

5.1. తొమ్మిది ప్రాంతాలు

వేదికను అడ్డంగా మూడు, లోతుగా మూడు భాగాలు చేస్తే తొమ్మిది ప్రాంతాలు వస్తాయి. ప్రేక్షకుల వైపు నుంచి చూసినప్పుడు ముందు వరుస ఎడమ నుంచి కుడికి 1, 2, 3. మధ్య వరుస 4, 5, 6. వెనుక వరుస 7, 8, 9 అనుకుందాం. లైటింగ్ బల్లలపై సాధారణంగా ఉండే అంకెల మీటల్లో 1, 2, 3 కింది వరుసలో, 7, 8, 9 పై వరుసలో ఉంటాయి. కాలిక్యులేటర్‌లోనూ అంతే. అంటే గదిలోంచి వేదికను చూసేవారికి అంకెల మీటలే వేదిక పటంగా కనిపిస్తాయి. తమకు దగ్గరి మీట వేదికలో తమకు దగ్గరి ప్రాంతం. టెలిఫోన్ మీటల్లో క్రమం తలకిందులు కనుక ఆ పోలిక పనికిరాదు.

ఇప్పుడు పదుల స్థానంలో వెలుగు వచ్చే దిశను ఉంచవచ్చు. ముందు నుంచి ఎడమ కోణంలో వచ్చేది 11–19, కుడి కోణంలో వచ్చేది 21–29, పక్కల నుంచి వచ్చేది 31–39, వెనుక నుంచి వచ్చేది 41–49, నేరుగా పైనుంచి వచ్చేది 51–59. ఒకట్ల స్థానం ఎప్పుడూ ప్రాంతమే. 13, 23, 33, 43, 53 అన్నీ ముందు వరుస కుడి మూల మీద పడే వెలుగులే. అయిదు దిశలు, తొమ్మిది ప్రాంతాలు కలిసి 45 సంఖ్యలు. 10, 20, 30 వంటి సున్నాతో ముగిసే సంఖ్యలను ఆఖరి నిమిషంలో చేరే దీపాల కోసం ఖాళీగా ఉంచాలి. దీపాలు అన్ని లేకపోయినా సంఖ్యలను జరపకూడదు. 44 లేకపోతే ఆ స్థానం ఖాళీగానే ఉండాలి. జరిపితే స్థానవిలువ పోయి మళ్ళీ వట్టి వరుస సంఖ్యలే మిగులుతాయి.

5.2. సురభి తెరల పరీక్ష

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి సంప్రదాయంలో చిత్రించిన తెరలు ప్రధానాంగం. తెర ముందు తక్కువ లోతులో ఒక సన్నివేశం జరుగుతుండగా తెర వెనుక తర్వాతి దృశ్యం సిద్ధమవుతుంది. ‘మాయాబజార్’ వంటి ప్రదర్శనలో ఈ మార్పుల వేగమే ప్రేక్షకుని ఆశ్చర్యానికి మూలం.

సమానమైన తొమ్మిది గడులు ఇక్కడ సరిపోవు. లోతును కొలత ప్రకారం కాక తెరల ప్రకారం విభజించాలి. మొదటి తెర ముందు భాగం 1–3, మొదటి, రెండవ తెరల నడుమ 4–6, ఆ వెనుక 7–9 అనుకుంటే, సంఖ్యాక్రమానికి కొత్త ప్రయోజనం కలుగుతుంది. మొదటి తెర దించి ఉన్నంతసేపూ 4 నుంచి 9 వరకు అంకెలతో ముగిసే ఏ ఛానలూ వెలగకూడదు. వెలిగితే పల్చని చిత్రపటం వెనుకనుంచి కాంతి తొంగిచూసి, దృశ్యం మారుస్తున్నవారి నీడలు కనపడతాయి. ఈ నియమాన్ని తెర మీది ఛానల్ పట్టికలో చివరి అంకెను చూసి ఎవరైనా సరిచూడవచ్చు.

రెండవ సమస్య నటుని నీడ. 45 డిగ్రీల ముందు వెలుగు, తెరకు దగ్గరగా నిలిచిన నటుని నీడను చిత్రించిన ఆకాశం మీదనో రాజప్రాసాదం మీదనో పడేస్తుంది. కనుక తెరను వెలిగించే దీపాలు నటుని వెలిగించే దీపాలతో కలవకుండా ప్రత్యేక కుటుంబంగా ఉండాలి. 71–73 మొదటి తెరకు, 74–76 రెండవ తెరకు, 77–79 మూడవదానికి కేటాయిస్తే ఒకట్ల స్థానంలోని లోతు సూచన చెడదు. మెక్‌కాండ్లెస్ విభజనను యథాతథంగా అనుసరించిన ప్రణాళికలో ఈ కుటుంబానికి చోటుండదు. లోపం సూత్రానిది కాదు. వేరే వేదిక కోసం పుట్టిన సూత్రాన్ని పరీక్షించకుండా స్వీకరించడానిది.

5.3. స్థలాన్ని బట్టి సంఖ్య ఇవ్వవచ్చా?

మధురవాణి ఇంటికి 100లు, అగ్నిహోత్రావధాన్లు ఇంటికి 200లు, లుబ్ధావధాన్లు ఇంటికి 300లు అని కథాస్థలాల ప్రకారం సంఖ్యలివ్వాలనే ఆలోచన సాహిత్య విద్యార్థికి ఆకర్షణీయంగా తోస్తుంది. కానీ ఒకే దీపం మూడు ఇళ్ళలోనూ వెలుగుతుంది. దానికి మూడు సంఖ్యలివ్వడం గందరగోళం. కథాస్థలం అనేక దీపాల కలయిక. దాన్ని గ్రూపుగా పేరు పెట్టి భద్రపరచాలి. ఛానల్‌కు సంఖ్య, గ్రూపుకు పేరు అనే విభజన పాటిస్తే నాటకానికి సంబంధించిన అర్థాలన్నీ పేర్లలోకి, నాటకశాలకు సంబంధించిన వాస్తవాలన్నీ సంఖ్యల్లోకి చేరతాయి.

5.4. రంగు, కదలిక

జిలెటిన్ కాగితాల కాలంలో పదుల స్థానం రంగును కూడా సూచించేది: ఒక పదిలో వెచ్చని వెలుగులు, మరో పదిలో చల్లనివి. ఒకే ఎల్‌ఈడీ దీపం అన్ని రంగులూ ఇస్తున్నప్పుడు ఈ భేదం నిలవదు. అలాగే కదిలే దీపానికి అది ఏ ప్రాంతాన్ని వెలిగిస్తుందో ఆ సంఖ్య ఇస్తే, తర్వాతి క్షణంలోనే ఆ సంఖ్య అబద్ధమవుతుంది. దానికి వేలాడే చోటును బట్టి 100 దాటిన ప్రత్యేక వరుసలో సంఖ్య ఇవ్వాలి.

ఈ రెండు ఉదాహరణల నుంచి తేలే సూత్రం: మారనిదానికి సంఖ్య, మారేదానికి పేరు. స్థిరమైన దీపానికి దిశ, ప్రాంతం మారవు. కదిలే దీపానికి వేలాడే చోటు మారదు. రంగు, సందర్భం, కథాస్థలం మారతాయి. నాట్యంలో తూర్పును ఆకాశంలోని సూర్యునితో కాక కట్టడంలోని ద్వారాలతో ముడిపెట్టిన ఆలోచనలోనూ ఈ వివేకమే కనిపిస్తుంది.

6. నోటి మాటగా సంఖ్య

ఛానల్ సంఖ్యను చీకట్లో, ఇంటర్‌కామ్‌లో, మెల్లని గొంతుతో పలకాలి. కనుక అది భాషాశాస్త్ర సమస్య కూడా. తెలుగులో ఇరవై దాటిన సంఖ్యలు పదుల నుంచి ఒకట్లకు, రాసిన క్రమంలోనే పలుకుతాయి. ‘నలభై మూడు’ అన్నప్పుడు ముందు వెనుక వెలుగు అని, తర్వాత 3వ ప్రాంతం అని చెవికి వరుసగా అందుతుంది. హిందీలో 43 ‘తైంతాలీస్’. ఒకట్ల అంకె ముందు వచ్చి పదులతో కరిగిపోతుంది. స్థానవిలువ మీద ఆధారపడిన సంఖ్యాక్రమానికి తెలుగు సంఖ్యావాచకాల నిర్మాణం సహజంగా అనుకూలం.

అయితే చిక్కులూ ఉన్నాయి. ‘పన్నెండు’లో పది, రెండు స్పష్టంగా విడివడవు. ‘ఇరవై–అరవై’, ‘నలభై–యాభై’ జంటలు చీకటి గదిలో ఒకదానికొకటిగా వినిపించవచ్చు. పైన ప్రతిపాదించిన క్రమంలో 60లను వదిలి తెరలకు 70లు కేటాయించడానికి ఇదొక కారణం. ఇంగ్లీషులో ‘థర్టీన్–థర్టీ’, ‘ఫిఫ్టీన్–ఫిఫ్టీ’ జంటలతో ఇటువంటి చిక్కే ఉంది. తెలుగు, దక్కనీ, హిందీ, తమిళం, ఇంగ్లీషు కలగలిసిన హైదరాబాదు సాంకేతిక బృందాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కనుక ‘నాలుగు–మూడు’, ‘రెండు–ఆరు’ అని అంకెలను విడివిడిగా పలకడం ఉత్తమం. అప్పుడు కూడా ‘మూడు–ఏడు’ ప్రాసతో మిగులుతాయి. అయితే 3, 7 వేదికపై ఎదురెదురు మూలలు కనుక పొరపాటు జరిగిన వెంటనే కంటికి తెలుస్తుంది.

7. పరిషత్తు వేదిక: ఎవరి కోసం ఈ క్రమం?

1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు కాలం నుంచి పోటీ నాటకాలు తెలుగు రంగస్థలానికి ప్రధాన ఆధారం. ఒకే రాత్రి ఒకే వేదికపై అనేక సమాజాలు తమ నాటికలను ప్రదర్శిస్తాయి. దీపాలు అందరికీ ఒక్కటే. ఒక నాటిక ముగిసి మరొకటి మొదలయ్యేలోపు లైటింగ్‌ను వివరించడానికి దొరికే సమయం అతిస్వల్పం. దర్శకుడు నెలల తరబడి ఊహించుకున్న వెలుగు ‘ఇక్కడ కొంచెం తగ్గించండి, అక్కడ ఎర్రగా వేయండి’ అనే మాటల్లోకి కుదించుకుపోతుంది.

సంఖ్యాక్రమం గురించిన సాధారణ బోధన, రూపకర్త తనకు గుర్తుండేలా సంఖ్యలివ్వాలని చెబుతుంది. ఒకే బృందం ఒకే నాటకశాలలో నెలల తరబడి ప్రదర్శించే చోట ఆ సలహా చాలు. పరిషత్తు వేదిక మీద దానికి విలువ లేదు. అక్కడ సంఖ్యలిచ్చేవారు ఒకరు, వాడేవారు మరొకరు, నడిపేవారు ఇంకొకరు. కనుక సంఖ్యాక్రమం వ్యక్తి జ్ఞాపకానికి కాక అపరిచితుని అవగాహనకు అనువుగా ఉండాలి.

దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. నిర్వాహకులు వేదిక తొమ్మిది ప్రాంతాల పటాన్ని, ఏ దిశ దీపాలు ఉన్నాయో తెలిపే ఒక పేజీ పట్టికను ముందుగా సమాజాలకు పంపితే చాలు. సమాజం తన లైటింగ్ ప్రతిని ‘క్యూ 20: తల్లి తలుపు దగ్గరికి వస్తుంది, 43 అరవై శాతం, 13 ముప్పై శాతం, అయిదు సెకన్లలో’ అని రాసుకోవచ్చు. క్యూ సంఖ్యల మధ్య పదేసి ఖాళీ ఉంచితే సాధనలో కొత్త క్యూలు చేర్చవచ్చు. వెళ్ళిన చోట వెనుక దీపాలు లేకపోతే ఏమి కోల్పోతున్నామో ఆ ప్రతి చూడగానే తెలుస్తుంది. 40ల కుటుంబం మొత్తాన్ని 50లతో భర్తీ చేయాలని నిర్ణయించుకోవచ్చు. ప్రత్యామ్నాయం కూడా ఆలోచించి ఎన్నుకున్నదవుతుంది.

ఉత్పల్ దత్ 1959లో ప్రదర్శించిన ‘అంగార్’లో బొగ్గుగని నీట మునిగే దృశ్యానికి తాపస్ సేన్ కూర్చిన వెలుగు భారతీయ నాటక చరిత్రలో ప్రసిద్ధం. ఇటువంటి ఘనతలు జ్ఞాపకాల ద్వారానే తరాలను దాటితే విమర్శకుడు ప్రశంసను ప్రశంసతో పోల్చగలడు తప్ప వెలుగును వెలుగుతో పోల్చలేడు. లైటింగ్ నడిపే వ్యక్తి వృత్తి విడిచినా, మరణించినా అతని పని అతనితోనే అంతరించడం తెలుగు రంగస్థలానికి జరుగుతున్న నష్టం. కళాకారుడిగా అతనికి దక్కవలసిన కర్తృత్వం దక్కకపోవడం దాని మరో ముఖం. ప్రతి లేని చోట కర్తను నిరూపించడం కష్టం.

8. పరిమితులు

సంఖ్యాక్రమం వెలుగును సంపూర్ణంగా నమోదు చేయదు. దీపం ఎత్తు, కోణం, అద్దం మసక, గోడ రంగు, గాలిలోని ధూళి అంకెల్లోకి రావు. అరవై శాతం అన్న అంకె ఒక దీపంలో ఇచ్చే వెలుగు మరో దీపంలో ఇవ్వదు. స్వరలిపి గమకాన్ని పూర్తిగా పట్టుకోలేనట్టే ఇదీ. అలాగే క్రమం మీద మోజు ఎక్కువైతే తొమ్మిది గడుల్లో ఇమడని నాటకాన్ని కూడా ఆ గడుల్లోకి నెట్టే ప్రమాదం ఉంది. ప్రేక్షకుల మధ్య జరిగే వీధి నాటకానికి ముందు, వెనుక అనే భేదమే వర్తించదు. అక్కడ మూలబిందువును మళ్ళీ నిర్ణయించుకోవాలి.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• చిరునామా యంత్రానిది, ఛానల్ మనిషిది. ఛానల్ సంఖ్యలను డిమ్మర్ వరుసకు వదిలేస్తే లైటింగ్ ప్రతి ఇతరులకు చదవరానిదవుతుంది.

• ఫిల్మ్‌నగర్ చిత్రీకరణ సంప్రదాయంలోని పేర్లు కెమెరాను బట్టి మారే సంబంధవాచకాలు. పునరావృతి అవసరమైన నాటకానికి స్థిరమైన సంఖ్యలు కావాలి. ఎల్‌ఈడీ దీపాలతో చిత్రీకరణ ఫ్లోర్లు కూడా ఈ అవసరాన్నే ఎదుర్కొంటున్నాయి.

• స్థిరమైన దీపాలకు పదుల స్థానంలో దిశ, ఒకట్ల స్థానంలో ప్రాంతం ఉండే క్రమం తెలుగు సంఖ్యావాచకాల నిర్మాణానికి అనుకూలం. రంగు, కథాస్థలం వంటి మారే అంశాలను పేర్లకు విడిచిపెట్టాలి.

• సురభి వంటి తెరల సంప్రదాయానికి మెక్‌కాండ్లెస్ విభజన యథాతథంగా సరిపోదు. లోతును తెరలను బట్టి విభజించి, తెరల వెలుగుకు ప్రత్యేక కుటుంబం కల్పించాలి.

• పరిషత్తు వేదికలకు ఉమ్మడి సంఖ్యాక్రమం వల్ల దర్శకుని ఊహ, సాంకేతికుని శ్రమ రెండూ నమోదవుతాయి.

విశ్వవిద్యాలయ రంగస్థల కళల శాఖలు నాటక ప్రతులతోపాటు లైటింగ్ ప్రతులను కూడా సేకరించి భద్రపరచడం మొదలుపెడితే, ‘కన్యాశుల్కం’ రెండు ముద్రణలను పోల్చినంత నిశితంగా దాని రెండు ప్రదర్శనల వెలుగులను పోల్చే పరిశోధనకు దారి ఏర్పడుతుంది.